తలుపు మూసి చేసిన వైద్యం

కెలవరపల్లికి దిగువన, పినాకిని ఒడ్డున, పాతిక గడపలు మించని ఒక పల్లెలో పిల్లమ్మ అనే ఇల్లాలు పదేళ్ళపాటు తన ఇంటి నుండి కేక వినిపించే దూరం దాటి పోలేదు. ఆమెను ఎవరూ కట్టివేయలేదు. అత్తమామలు ఏనాడో గతించారు. మొగుడు వెంకటేశప్ప కొట్టేవాడూ తిట్టేవాడూ కాడు. అయినా నాలుగు మైళ్ళ దూరంలోని హోసూరు సంత ఎట్లా ఉంటుందో ఆమె మరచిపోయింది. ఎందుకు పోదో తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే: ఆమె, ఆమె మొగుడు. మిగిలినవాళ్ళు తలా ఒక కారణం అల్లుకున్నారు. మొగుడి మీద మోజు అన్నారు కొందరు; పొగరు అన్నారు ఎక్కువమంది. కారణం తెలియనప్పుడు తెలియదని ఊరుకున్న ఊరు ఈ దేశంలో ఎక్కడా లేదు.

అసలు సంగతి 1953 వేసవిలో మొదలయింది. వెంకటేశప్ప తన బావి దగ్గర ఎడ్లతో నీళ్ళు తోడే కపిల తోలుతున్నాడు. ఎడ్లు పల్లంలోకి దిగుతూ తోలు బాన పైకి లాగేటప్పుడు తోలేవాడు మోకు మీద ఎక్కి కూర్చుంటాడు. వాడి బరువు కూడా ఎడ్లకు సాయం. ఆనాడు మోకు తెగింది. వెంకటేశప్ప ఎగిరి, కుడి చెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. లేచి చూసుకునేసరికి చెయ్యి ఉంది గాని, ఉండవలసిన చోట లేదు. జబ్బ కీలు జారి, భుజం కింద గుంట పడింది.

డెంకణికోట వైపు ఒక పల్లెలో ఆంజప్ప అని ఎముకలు కట్టే పెద్దాయన ఉండేవాడు. ఆయన బండి మీద వచ్చి, రోగిని నేల మీద పడుకోబెట్టి, చంకలో తన మడమ ఆనించి, చెయ్యి పట్టి నిదానంగా లాగి, కీలును దాని గూటిలోకి పంపాడు. పంపి, ఒక మాట కూడా చెప్పాడు.

“దొడ్డి తడిక ఒకసారి ఊడినంక ఆవు మళ్ళా మళ్ళా ఆ దావనే పోతాదప్పా. చెయ్యి పైకెత్తి ఎనక్కి తిప్పొద్దు.”

చెప్పినట్టే ఆ నెలలోనే రెండుసార్లు జారింది. రెండవసారి వచ్చినప్పుడు ఆంజప్పకు దారిలో ఏనుగుల మంద అడ్డుపడి ఒక పూట చెట్టు మీద గడిచింది. ఇక ప్రతిసారీ రావడం తన వల్ల కాదని, ఆయన పిల్లమ్మను పిలిచాడు.

“ఇట్రామ్మా. చూసి నేర్చుకో. నీ కాలు ఈడ పెట్టు.”

“యాడ?”

“నీ మొగుడి చంకలో.”

పిల్లమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. “కట్టుకున్నోడి మీద కాలు పెట్టమంటావా? నోట్లో పురుగులు పడతాయి నాకు.”

“పడితే నోట్లో పడతాయి. కాలికేం కాదు. పెట్టు,” అన్నాడు ఆంజప్ప.

ఆమె అట్లా పెట్టలేదు. పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డ తెచ్చి పాదానికి చుట్టుకొని, ముందుగా మొగుడి కాళ్ళు తాకి కళ్ళకద్దుకొని, అప్పుడు పెట్టింది. లాగడంలో ఆమెకు మగవాళ్ళ తొందర లేదు. బావిలో నిండిన బిందెను గోడకు తగలకుండా పైకి తెచ్చే మనిషి ఆమె; అదే ఓపికతో లాగింది. కీలు లోపల టక్కున కూర్చున్నది. ఆంజప్ప మీసం దువ్వుకున్నాడు. వెంకటేశప్ప మాత్రం లేచి ముందుగా చేసిన పని తలుపు మూయడం.

“ఆంజప్పా, ఈ మాట యాడా చెప్పొద్దు. పెండ్లాం కాళ్ళ కింద పండుకునేటోడని ఊరంతా నవ్వతాది,” అన్నాడు. అంగాళమ్మ తల్లి మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆంజప్ప ఆ ఒట్టు నిలుపుకొని రెండేళ్ళకు చనిపోయాడు. అక్కడితో ఆ విద్య తెలిసిన మనిషి ఆ చుట్టుపట్ల పిల్లమ్మ ఒక్కతే మిగిలింది.

వెంకటేశప్ప చెడ్డవాడు కాడు. కాని లోకంలో సగం అన్యాయం చెడ్డవాళ్ళు చేసింది కాదు. నవ్వులపాలవుతామని భయపడిన మంచివాళ్ళు చేసింది. నొప్పి కన్న నగుబాటు పెద్దదని ఆయన తేల్చుకున్నాడు. ఆ తీర్పు అమలయింది మాత్రం భార్య మీద.

1954లో ఆమె ఏటికి బట్టలుతకను పోయినప్పుడు ఒకసారి కీలు జారింది. ఆ అరుపులు విని పక్కింటి గుర్రప్ప పరుగెత్తి వచ్చాడు. మనిషి మంచివాడే, బలం కూడా తక్కువ కాదు, అదే ముప్పయింది. దూడను కట్టుగొయ్య దగ్గరికి ఈడ్చినట్టు ఈడ్చాడు. కీలు కూర్చున్నది గాని, మూడు నెలలు వేళ్ళలో స్పర్శ లేదు. అది మొదలు వెంకటేశప్ప, కీలు మళ్ళీ జారడం లేదని గుర్రప్పతో చెప్పి, భార్యను తప్ప మరొకరిని చేయి తాకనివ్వలేదు. తాను ఊరు దాటవలసి వస్తే చేతిని తుండుతో రొమ్ముకు బిగించి కట్టుకొని, వాతమని చెప్పి పోయి వచ్చేవాడు. ఇంట ఉన్నన్నాళ్ళు చొక్కా తొడుక్కోబోయినా, అటక మీది చేద అందుకోబోయినా, నిద్రలో పక్కకు తిరిగినా జారవచ్చు. జారితే ఒకటే కేక: “పిల్లమ్మా!” ఆ కేక అందని చోట ఆమె ఉండకూడదు. ఉండలేదు.

1958లో డెంకణికోట దగ్గరి పుట్టింటి నుండి కబురు వచ్చింది: తల్లికి మాట పడిపోయింది, పొద్దు గూకకముందే రావాలని. పిల్లమ్మ చీర మూట కట్టింది. గడప దాటబోతుండగా వెంకటేశప్ప ఆమెకు ఇద్దామని అటక మీది గొడుగు కోసం చెయ్యి చాచాడు. అంతే. ఆమె మూట కింద పెట్టి, తలుపు మూసి, పసుపు గుడ్డ చుట్టుకుంది. ఆనాడు కండరాలు బిగుసుకుపోయి కీలు ఒక పట్టాన కూర్చోలేదు; కూర్చున్నాక జ్వరం కాసింది. మూడవనాటికి జ్వరం తగ్గేసరికి తల్లిని మట్టి చేసి వచ్చారని తెలిసింది.

దినాలయ్యాక అన్న రంగప్ప వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

“అమ్మ రెండు దినాలు దావ చూసింది. నీ మొగుడు పంపలేదా, నీకే మనసు రాలేదా? అది చెప్పు, పోతాను.”

వెంకటేశప్ప లోపల మంచం మీద ఉన్నాడు. అంతా వింటున్నాడు. పిల్లమ్మ ఆ వైపు ఒకసారి చూసింది. లోపలి నుండి దగ్గు కూడా రాలేదు.

“నాకే మనసు రాలేదన్నా,” అన్నది.

రంగప్ప తిరిగి చూడకుండా పోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇట్లా గడిచిన కాలానికి గడువు పెట్టింది కూతురు రంగమ్మ. ఆ అమ్మాయిని కృష్ణగిరిలో చెన్నప్పకిచ్చారు. అతడు మామిడి మండీలో గుమాస్తా, చదువుకున్నవాడు. రంగమ్మకు రెండు కాన్పులు నిలవలేదు. 1964లో మూడవసారి కడుపుతో ఉన్నప్పుడు లేడీ డాక్టరు, ఏడవ నెల మొదలు మంచం దిగకూడదనీ, బస్సులో పుట్టింటికి పంపడం మాట తలపెట్టవద్దనీ చెప్పింది. చెన్నప్పకు తల్లి లేదు. ఇంట్లో ఆడదిక్కు లేదు. పిల్లమ్మే పోవాలి, పోయి బిడ్డ భూమి మీద పడేదాకా ఉండాలి. అంటే మూడు నెలలు.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె నోరు తెరచి అడిగింది. “కిష్ణగిరిలో ఎముకల డాక్టరు ఉండాడంట. జబ్బ చూపించుకో. బాగయితే నేను బిడ్డకాడికి పోతాను.”

జూన్‌లో ఇద్దరూ బస్సెక్కారు. కృష్ణగిరిలోని ఒక ధర్మాసుపత్రిలో నెలకొకసారి వచ్చే ఎముకల డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలుగు వచ్చినవాడు, తొందరపడే మనిషి కాడు.

“ఇంతవరకు ఎన్నిసార్లు జారింది, పెద్దాయనా?”

“ఏదో ఐదారు మార్లు, సామీ.”

“నలభై మూడు,” అన్నది పిల్లమ్మ.

డాక్టరు కలం ఆపాడు. “ప్రతిసారీ ఎవరు కూర్చోబెట్టారు?”

వెంకటేశప్ప గొంతు సవరించుకున్నాడు. “అదే పోయి కూసుంటాది సామీ.”

డాక్టరు పిల్లమ్మ వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది. ఆయన ఇంకేమీ అడగక, విషయం విడమరచి చెప్పాడు. ముందు వైపు కోసి, సాగిపోయిన కండరాన్ని బిగించి కుట్టవచ్చు. ఆరు వారాలు చెయ్యి రొమ్ముకు కట్టి ఉంచాలి. తరువాత కీలు జారడం దాదాపు ఉండదు. కాని ఆ చెయ్యి ఇదివరకటిలా బయటికి తిరగదు. నోటికి అందుతుంది, తలపాగా చుట్టేటంత పైకి బహుశా పోదు. వయసు యాభై ఎనిమిది; గుండె బాగానే ఉంది; మత్తులో అపాయం తక్కువ, అసలు లేదని మాత్రం తాను చెప్పడు. దగ్గర సాయం చేసే మనుషులుంటే కోయించుకోకుండా కూడా బతకవచ్చు. “ఎటూ తప్పు కాదు. ఆలోచించుకోండి. మంచం ఖాళీ కాగానే ఉత్తరం రాస్తాం.”

అది న్యాయమైన మాట. కాని ఎవరు సాయం చేస్తున్నదీ దాచిపెట్టి తెచ్చుకున్న సలహా ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఆ ఉత్తరం ఆగస్టు చివర వచ్చింది. తెలుగు తప్ప తెలియని ఇంటికి, అది కూడా అక్షరం రాని ఇంటికి, ఇంగ్లీషులో టైపు కొట్టి, కింద ముద్ర వేసి పంపారు. వెంకటేశప్ప చెయ్యి కట్టుకొని హోసూరుకు పోయి, తాలూకా కచేరి వరండాలో అర్జీలు రాసే ఆయనచేత చదివించుకొని మాపటికి తిరిగి వచ్చాడు.

“ఏం రాసినారు?”

“ఈ వయసులో కోత వద్దన్నారంట,” అన్నాడు, ఎడ్లకు గడ్డి వేస్తూ.

పిల్లమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రేకుపెట్టెలో దాచింది. చదువు రానివాళ్ళకు కాగితమంటే ఉండే భయభక్తులు చదివినవాళ్ళకు ఉంటే ఎన్నో కొంపలు నిలిచేవి. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. మడతల దగ్గర చిరిగినా తేదీ స్పష్టంగా చదవవచ్చు.

ఆ తరువాతి రెండు వారాలు ఆమె ఇంట్లో తిరిగిన తీరు కపిల దారిలో ఎద్దు తిరిగిన తీరే: పల్లానికి దిగడం, వెనక్కి నడవడం. రాగి పిండి విసురుతూ విసురుతూ చెయ్యి ఆపేసేది. రంగమ్మకు ఏమని చెప్పిపంపాలి? మీ నాయన చెయ్యి కోసం నిన్ను వదిలేశాననా? ఆ చేతిని కూర్చోబెట్టేది నేనేనని చెప్పకుండా అది మాత్రం ఎట్లా చెప్పేది?

సెప్టెంబరు పదకొండు, శుక్రవారం, ఉదయం బస్సు దిగి చెన్నప్ప వచ్చాడు. వెంకటేశప్ప బావి దగ్గర ఉన్నాడు.

“అత్తా, ఏడో నెల వచ్చింది. సోమవారం దాకా పక్కింటి ముసలామెను కూసోబెట్టి వచ్చినాను. మూట కట్టుకో, పోదాము.”

“నేను రాలేను నాయనా.”

“ఏమి?”

“మీ మామ చెయ్యి…”

“మామకు వాతం. ఊర్లో సగం మందికి వాతమే. కన్నబిడ్డ మంచాన పడుంటే మామ వాతానికి కాపలా ఉంటావా?” చెన్నప్ప గొంతు లేచింది. మళ్ళీ తగ్గించుకున్నాడు. “ఆస్పత్రోళ్ళు రాస్తామన్నారే, రాసినారా?”

“రాసినారు. కోత వద్దన్నారు.” ఆమె పెట్టె తెరిచి కాగితం తెచ్చింది.

చెన్నప్ప నిలబడే చదివాడు. రెండవసారి కూర్చొని చదివాడు.

“అత్తా, దీంట్లో వద్దని యాడా లేదే. పధ్నాలుగో తేదీ సోమవారం పొద్దున్నే రమ్మన్నారు. తోడుగా ఒక మనిషిని తెచ్చుకొమ్మన్నారు. రాకుంటే ఆ మంచం ఇంకొకరికి ఇస్తామన్నారు.”

పిల్లమ్మ ఆ కాగితం తిరిగి తీసుకొని, తనకు తెలియని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. తరువాత బావి దగ్గరికి నడిచింది.

వెంకటేశప్ప ఆమె చేతిలోని కాగితం చూసి, అడగకముందే గట్టు మీద కూలబడ్డాడు.

“నాకు దిగులు పిల్లమ్మా. మత్తిచ్చి పండబెడితే లేస్తానో లేనో. లేచినా మొండి చెయ్యి. ఎట్ల చెప్పేది నీకు? మగోడు భయపడినానని చెప్పేదెట్ల?”

“మా అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు లోపల పండుకొని విన్నావు,” అన్నది ఆమె. ఆ ఒక్క మాట ఆరేళ్ళు ఆమె గొంతులోనే ఉంది.

ఇంటికి తిరిగి వస్తూనే పక్కింటి వాకిట నిలిచి పిలిచింది. “గుర్రప్పా! చౌడమ్మా! ఇద్దరూ మా ఇంటికి రండి. పనుండాది.” చాప తెచ్చి, ఎండ పడుతున్న నడివాకిట్లో పరిచింది. వెనకే వచ్చిన మొగుడికి చాప చూపించింది.

“పండుకో.”

“ఇప్పుడేమీ జారలేదే.”

“ఎడం చెయ్యి చాపు. దాని మీద చూపిస్తాను.”

విషయం అర్థమై వెంకటేశప్ప ముఖం పాలిపోయింది. “లోపలికి పోదాము. తలుపేస్తువు.”

“తలుపెయ్యను,” అన్నది పిల్లమ్మ.

ఆయన పడుకున్నాడు. తుండు ముఖం మీదికి లాక్కున్నాడు. ఆమె ఆనాడు పాదానికి గుడ్డ చుట్టుకోలేదు. మడమ చంకలో ఆనించి, చెయ్యి పట్టి, గుర్రప్పకు ఒక్కొక్క సంగతీ చెప్పింది: ఎక్కడ ఆనించాలి, ఎంతసేపు లాగాలి, ఎప్పుడు కొంచెం పక్కకు తిప్పాలి. “నీ మాదిరి ఈడ్చకూడదు. నిదానంగా, నిండిన బిందె తోడినట్ల.”

గుర్రప్ప నోరు తెరుచుకొని చూశాడు. చౌడమ్మ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తరువాత ఆపుకోలేకపోయింది.

“అయ్యో నా తల్లీ, దీనికా పదకొండేండ్లుగా తలుపేసుకొనింది? ఆ అరుపులకు మేము ఇంకేందో అనుకొంటిమే! మా ఇంటాయనకు నడుం పట్టినప్పుడల్లా గోడ పట్టుకొని మీదెక్కి తొక్కతాను. అడుగు కావాలంటే.”

“తొక్కతాది,” అన్నాడు గుర్రప్ప గంభీరంగా. “చింతపండు తొక్కినట్ల తొక్కతాది.”

“నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని,” అన్నది చౌడమ్మ. “నడుం పడితే ఈ ఊరి మగోళ్ళంతా వచ్చి నా కాలితో తన్నించుకొని పోతారు. పెద్దరెడ్డి కూడా వచ్చినాడు. రానోడు నీ మొగుడొక్కడే.” చాప వైపు వంగి, “ఏమన్నా, నీకు నా కాలు చాలకపోయెనా?” అన్నది.

చుట్టూ చేరిన నలుగురూ నవ్వారు. తుండు కింద నుండి వెంకటేశప్ప కూడా, ఏడుపో నవ్వో తెలియని ఒక శబ్దం చేశాడు. పిల్లమ్మ నవ్వలేదు. ఊరంతా పట్టపగలు చేసుకునే పనికి తన ఇంట్లో మాత్రం తలుపు పడింది. ఆ తలుపు వెనక కన్నతల్లి కడచూపు పోయింది, తోడబుట్టినవాడు పోయాడు. ఎవరూ నవ్వి ఉండేవారు కారు. నవ్వినా ఇంతే, ఒక గడియసేపు. ఆ గడియ నవ్వు తప్పించుకోవడానికి ఒక మనిషి బతుకులో పదకొండేళ్ళు ఖర్చయ్యాయి. దీనికి ఏ కచేరిలో అర్జీ పెట్టుకోవాలి?

అందరూ వెళ్ళాక వెంకటేశప్ప చాప మీదే కూర్చొని, మెల్లగా, “నువ్వేమంటావు పిల్లమ్మా? కోయించుకొనేదా, మానేదా? నువ్వు ఎట్ల చెప్తే అట్ల,” అన్నాడు.

ఎన్నేళ్ళుగానో ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. ఆ ప్రశ్నలో ఉన్న ఉచ్చు కూడా ఆమెకు కనిపించింది.

“నేను చెప్పను. పొమ్మంటే, రేపేమన్నా అయితే నేను చంపినట్ల. వద్దంటే, మళ్ళా నేనే కావలి. చెయ్యి నీది, నువ్వే చెప్పు. కాలు నాది. అది సోమవారం కిష్ణగిరికి పోతాది.”

శనివారమంతా వెంకటేశప్ప చేను గట్టు మీద తిరిగాడు. కుడి చెయ్యి భుజం ఎత్తుకు తెచ్చి, ఆపి, దించుకునేవాడు. తలపాగా విప్పి ఎడమ చేత్తో చుట్టుకోను ప్రయత్నించాడు, సగంలో జారిపోయింది. మధ్యాహ్నం గుర్రప్పను పిలిచి చాప మీద పడుకొని, “ఇంకొకసారి పట్టు, చూస్తాము,” అన్నాడు. గుర్రప్ప తన మొరటు చేతిని అదుపులో పెట్టుకొని, ఊపిరి బిగబట్టి పట్టాడు. చౌడమ్మ పక్కన నిలబడి, “నిదానం, అది నాగటి మేడి కాదు,” అని అరుస్తూ ఉంది. పిల్లమ్మ ఆ వైపు తిరగకుండా మూట కట్టుకుంటూ ఉంది; చెవులు మాత్రం అటే ఉన్నాయి.

ఆదివారం పొద్దున సంగటి తింటూ చెప్పాడు.

“నాకు కోత వద్దు. భయం. ఇంగేమీ కాదు, భయమే.”

ఆ మాట అనడానికి ఆయనకు పట్టిన కాలం తక్కువ కాదు. పిల్లమ్మ ముద్ద మీద ఇంకొంచెం ఊరుబిండి పచ్చడి వేసింది.

“సరే. అల్లుడిచేత ఆ మాట రాయించు. ఆ మంచానికి ఇంగెవరన్నా కాచుకొని ఉంటారు.”

చెన్నప్ప కార్డు మీద రాశాడు. వెంకటేశప్ప వేలిముద్ర వేశాడు. ఈసారి రాసింది రాసినట్టు పిల్లమ్మకు చదివి వినిపించమన్నాడు.

సోమవారం హోసూరులో బస్సెక్కాక ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నాలుగు మైళ్ళు దాటింది, పది దాటింది. శూలగిరి కొండ వెనక్కి పోయాక కూడా ఆమె చెవి పల్లె వైపే ఒరిగి ఉంది. బ్రేకు కిచకిచమన్నప్పుడల్లా లేవబోయింది. ఇప్పుడు జారి ఉంటే? గుర్రప్ప చేనికి పోయి ఉంటే? “కూసో అత్తా, ఇంకా దూరముండాది,” అన్నాడు చెన్నప్ప. ఆమె కూర్చుంది. మరో మైలుకు మళ్ళీ లేచింది. కేక రాలేదు, వచ్చినా వినిపించే దూరం కాదని నమ్మడానికి ఆమెకు కృష్ణగిరి దాకా పట్టింది.

రంగమ్మ గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. తల్లి గొంతు విని తల తిప్పి, నమ్మలేనట్టు చూసింది. వెంటనే భయపడింది.

“అమ్మా, నువ్వు వచ్చేసినావే. నాయన చెయ్యో?”

“నాయన చెయ్యి నాయనకాడే ఉండాది,” అని పిల్లమ్మ మూట కింద పెట్టి, కూతురి కాళ్ళ మీదికి దుప్పటి లాగింది. “నువ్వు లేవొద్దు. పొయ్యి యాడుండాదో చెప్పు.”